రంగస్థలం వదిలిన పదిహేడేళ్లు: ఇయాన్ హోమ్ నటజీవితాన్ని విప్పి చూస్తే

1979లో వచ్చిన 'ఏలియన్' సినిమాలో ఒక సన్నివేశం. అంతరిక్ష నౌకలో సైన్స్ ఆఫీసరుగా ఉన్న ఆష్ మనిషి కాదని, యంత్రమని అప్పుడే బయటపడింది. తెగిపడిన తలను బల్ల మీద నిలబెట్టారు. వైర్లు కలపగానే తల కళ్లు తెరుస్తుంది, నోట్లోంచి పాలలాంటి ద్రవం కారుతుండగా మాట్లాడుతుంది. ఈ సీను కోసం ముందుగా నటుడి ముఖానికి అచ్చు తీసి, లేటెక్స్‌తో ఒక మరతల చేయించారు. లేటెక్స్ ఆరేటప్పుడు కుంచించుకుపోయింది, ముఖం పోలిక చెడింది. కొన్ని షాట్లకు ఎలాగో సర్దుకున్నారు. మిగతా సీనంతటికీ బల్లకు రంధ్రం చేసి, నటుణ్ణే కింద మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తల పైకి పెట్టించారు. మెడ చుట్టూ పాలు, కేవియర్ అనే చేపగుడ్లు, పాస్తా, ఫైబర్ ఆప్టిక్ తీగలు, ఆసుపత్రిలో మూత్రం కోసం వాడే కెథెటర్ గొట్టాలు పేర్చారు. అంత చెత్త మధ్య, మెడ కదపడానికి కూడా వీల్లేకుండా, కళ్లు, పెదవులు, గొంతు మాత్రమే పెట్టుబడిగా ఆయన ఆ సీను చేశారు.

ఆ నటుడు ఇయాన్ హోమ్. ఇంగ్లీషు రాతలో పేరు మధ్య 'ల' ఉంటుంది కానీ పలకరు. బల్ల కింద మోకరిల్లడానికి పదిహేనేళ్ల ముందు, షేక్‌స్పియర్ పుట్టిన ఊళ్లోని నాటకశాలలో ఐదో హెన్రీ, మూడో రిచర్డ్ ఆయనే. ఆ తర్వాత మరో పద్దెనిమిదేళ్లకు లండన్ నేషనల్ థియేటర్లో కింగ్ లియర్ కూడా ఆయనే. మధ్యలో మాత్రం ఒక పెద్ద ఖాళీ ఉంది. 1976 నుంచి 1993 దాకా, ఒకే ఒక్కసారి తప్ప, ఆయన నాటకరంగం మొహం చూడలేదు. ఆయన గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఈ జీవితాన్ని రెండు ముక్కలు చేస్తారు: ముందు నాటకాల హోమ్, తర్వాత సినిమాల హోమ్. ఆ ఖాళీ కాలంలో ఆయన ఏం చేశారో, దానికి కావలసిన సరంజామా ఎక్కడ సంపాదించారో చూస్తే ఈ రెండు ముక్కల లెక్క నిలవదు.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. 'క్యారెక్టర్ ఆర్టిస్ట్' అనగానే మనకు తండ్రి, బాబాయి, మేనమామ, ఊరి పెద్ద వేషాలు గుర్తొస్తాయి. హీరో, విలన్, కమెడియన్ పోగా మిగిలిందంతా ఆ ఖాతాలో పడుతుంది. ఇంగ్లండ్‌లో 'క్యారెక్టర్ యాక్టర్' అంటే వేషం సైజుతో అంత పట్టింపు లేదు, పని చేసే తీరును బట్టి ఆ మాట వాడతారు. స్టార్ ఏ కథలో ఉన్నా జనం ఆ మనిషినే చూడటానికి వస్తారు కాబట్టి పాత్రను ఆయన కొలతలకు కుడతారు. క్యారెక్టర్ యాక్టర్ విషయంలో మనిషే పాత్ర కొలతకు మారాలి. నడక, యాస, భుజాలు, ఊపిరి తీసే చోటు, అన్నీ. చార్లెస్ లాటన్, ఆలెక్ గిన్నిస్, మార్గరెట్ రూథర్‌ఫర్డ్ ఈ కోవలో వాళ్లే. అందుకే నాటకాన్నంతా భుజాన మోసే లియర్‌ను కూడా అక్కడ క్యారెక్టర్ యాక్టర్ వేయగలడు. అలాగే పాతిక సినిమాల్లో చూసిన ముఖమే అయినా పేరు నాలుక చివర ఆగిపోవడం కూడా ఈ బాపతు నటులకు మామూలే.

హోమ్ 1931 సెప్టెంబర్ 12న ఎసెక్స్‌లోని గుడ్‌మేస్‌లో పుట్టారు. అసలు పేరు ఇయాన్ హోమ్ కత్‌బర్ట్. తండ్రి మానసిక వైద్యుడు, ఒక మానసిక వైద్యశాలకు పెద్ద. 1950లో లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో చేరారు. మధ్యలో నిర్బంధ సైనిక సేవ వచ్చిపడటంతో చదువు 1953 దాకా సాగింది. 1954లో షేక్‌స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లోని షేక్‌స్పియర్ మెమోరియల్ థియేటర్లో చేరారు. మొదటి వేషం 'ఒథెల్లో'లో ఈటె పట్టుకుని నిలబడటం.

ఈటె వేషం అంటే చులకనగా అనిపిస్తుంది. కానీ ఇంగ్లిష్ నటుల తయారీలో ఆ మెట్టుకు చాలా విలువ ఉంది. కంపెనీ పద్ధతిలో ఒక సీజనుకు నాలుగైదు నాటకాలు సిద్ధం చేసి, వాటిని మార్చి మార్చి ఆడతారు. సోమవారం విషాదాంతం, మంగళవారం ప్రహసనం. కొత్త నటుడు ఒక నాటకంలో సైనికుడు, ఇంకోదాంట్లో సేవకుడు, మూడోదాంట్లో నాలుగు మాటలున్న రాయబారి. దీంతోపాటు పెద్ద నటుల వేషాలకు ప్రత్యామ్నాయంగా వాళ్ల సంభాషణలు కంఠస్థం చేసి ఉంచుకోవాలి. పెద్దాయన జ్వరంతో పడుకుంటే తప్ప ఆ అవకాశం రాదు, చాలాసార్లు రానే రాదు. అయినా సీజను పొడుగునా రాత్రిపూట పది అడుగుల దూరం నుంచి లారెన్స్ ఒలీవియర్ లాంటి మహానటులు ఊపిరి ఎక్కడ తీస్తున్నారో, ఎక్కడ తీయడం లేదో చూస్తూ నిలబడటమే ఒక బడి. 1955లో పీటర్ బ్రుక్ 'టైటస్ ఆండ్రోనికస్' చేసినప్పుడు ఒలీవియర్ టైటస్. తండ్రి చేతిలో మొదట్లోనే చచ్చిపోయే కొడుకు మ్యూషియస్ మన హోమ్.

1959 స్ట్రాట్‌ఫర్డ్ సీజను ఆయనకు మలుపు. ఆ ఏడాది ఐదు నాటకాలు. 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో లాటన్‌ది బాటమ్ వేషం, హోమ్‌ది పక్ వేషం. 'కింగ్ లియర్'లో లాటన్ లియర్, హోమ్ విదూషకుడు. అప్పటికి లాటన్ వయసు 60, హోమ్ వయసు 27. రాజు పిచ్చితనంలోకి జారుతుంటే పక్కనే కూర్చుని చూసే పాత్ర విదూషకుడిది. అంత పెద్ద పాత్రను అంత దగ్గర నుంచి చదివే అవకాశం ఇంకే వేషానికీ ఉండదు. 38 ఏళ్ల తర్వాత ఆయనే ఆ కిరీటం పెట్టుకున్నారు కాబట్టి ఈ విషయం గుర్తుంచుకోవాలి.

1960లో దర్శకుడు పీటర్ హాల్ ఆ సంస్థ పగ్గాలు చేపట్టారు. మరుసటి ఏడాది దాని పేరు రాయల్ షేక్‌స్పియర్ కంపెనీగా మారింది. లండన్‌లో ఆల్డ్‌విచ్ థియేటర్‌ను రెండో ఇల్లుగా తీసుకున్నారు. హాల్ చేసిన అసలు మార్పు కాంట్రాక్టుల్లో ఉంది. అప్పటిదాకా నటుల్ని సీజను లెక్కన తీసుకునేవారు. ఆయన మూడేళ్ల కాంట్రాక్టులు ఇచ్చారు. నటుడికి రేపటి అద్దె గురించి బెంగ తగ్గింది, సంస్థకు ఒకే పద్ధతిలో మాట్లాడే బృందం దొరికింది.

ఆ పద్ధతి ఏమిటంటే పద్యపాదాన్ని గౌరవించడం. షేక్‌స్పియర్ పాదంలో మామూలుగా పది అక్షరాలు, ఐదు ఊనికలు. అర్థం ఎక్కడ ముగిస్తే అక్కడ ఆగడం నటుడికి సులువు, కానీ అలా ఆగితే పద్యం ముక్కలై వచనంలా వినిపిస్తుంది. పాదం మధ్యలో ఊపిరి తీయకుండా చివరిదాకా వెళ్లి, అక్కడ వినీ వినిపించనంత చిన్న గుర్తు పెట్టి, తర్వాతి పాదంలోకి దిగాలన్నది హాల్, ఆయన తోటి దర్శకుడు జాన్ బార్టన్ల పట్టుదల. పద్య నాటకాలు విన్న తెలుగువాళ్లకు ఇది అర్థం కావడం కష్టం కాదు. పాదాన్ని ఎక్కడ విరిస్తే పద్యం చచ్చిపోతుందో మన నటులకూ తెలుసు. తేడా ఏమిటంటే అక్కడ రాగం లేదు. మాట మామూలు మాటలా వినిపించాలి, కింద తాళం మాత్రం తప్పకూడదు. హోమ్ గొంతు పెద్దది కాదు. ఈ క్రమశిక్షణ ఉండబట్టే ఆ గొంతుతో అంత పెద్ద హాలు నింపగలిగారు.

1963లో హాల్, బార్టన్ కలిసి షేక్‌స్పియర్ ఆరో హెన్రీ నాటకాలు మూడింటినీ, మూడో రిచర్డ్‌నూ కుదించి 'ది వార్స్ ఆఫ్ ద రోజెస్' పేరుతో మూడు భాగాలుగా చేశారు. మరుసటి ఏడాది షేక్‌స్పియర్ నాలుగువందల జయంతి. దానికి రెండో రిచర్డ్, నాలుగో హెన్రీ రెండు భాగాలు, ఐదో హెన్రీ కలిపి ఏడు చారిత్రక నాటకాలు వరసగా ఆడారు. ఆ వరసలో నాలుగో హెన్రీ కొడుకు యువరాజు హాల్ (దర్శకుడి పేరు కాదు, పాత్ర పేరు), ఐదో హెన్రీ, మూడో రిచర్డ్ మూడూ హోమే. ఐదో హెన్రీ అంటే అప్పటికి జనం మనసులో ఒలీవియర్ 1944 సినిమా మెరుపు. హోమ్ ఐదున్నర అడుగులు కూడా ఉండరు. ఆయన ఆ మెరుపు జోలికి పోలేదు. బురదలో సైనికుల మధ్య నిలబడి, వాళ్లలాగే అలసిపోయి, అయినా ముందుకు నడిచే రాజును చూపించారు. ఎత్తు లేకపోవడం ఆ వ్యాఖ్యానానికి అక్కరకొచ్చింది. గుంపులో కలిసిపోయే మనిషి నోరు విప్పినప్పుడు గుంపు తిరిగి చూస్తే, ఆ అధికారం కిరీటం వల్ల వచ్చింది కాదని ప్రేక్షకుడికి తెలుస్తుంది.

ఇక్కడిదాకా చూస్తే ఆయన షేక్‌స్పియర్ నటుడు. ఆయన్ని కెమెరాకు సిద్ధం చేసింది మాత్రం 1965లో ఆల్డ్‌విచ్‌లో హాల్ దర్శకత్వంలోనే వచ్చిన హెరాల్డ్ పింటర్ నాటకం 'ది హోమ్‌కమింగ్'. ఉత్తర లండన్‌లో ఆడదిక్కు లేని ఒక ఇల్లు. పెద్ద కొడుకు అమెరికా నుంచి భార్య రూత్‌ను తీసుకొస్తాడు. ఇంట్లో ఉన్న తమ్ముడు లెనీ, ఆడవాళ్లతో వ్యాపారం చేసే మనిషి. హోమ్‌ది ఆ లెనీ వేషం.

పింటర్ రాతలో మాటలు ఎంత ముఖ్యమో మాటలు లేని చోట్లూ అంతే ముఖ్యం. ఆయన మూడు రకాల గుర్తులు వాడతారు. మూడు చుక్కలుంటే పాత్ర మాట కోసం క్షణం తడబడుతోందని. 'విరామం' అని రాస్తే లోపల ఏదో లెక్క జరుగుతోంది, బెదిరింపు గాలిలో ఉంది. 'నిశ్శబ్దం' అని రాస్తే అన్నిటికన్నా పెద్ద ఆగడం, అందులోంచి బయటికొచ్చాక పరిస్థితి ముందులా ఉండదు. హాల్ ఈ మూడింటి కోసమే ప్రత్యేకంగా రిహార్సల్స్ పెట్టేవారు. కొత్త నటులు ఇక్కడ చేసే తప్పు ఒక్కటే: ఆగమన్నచోట ఊరికే ఆగుతారు, మనసులో అంకెలు లెక్కపెడుతూ. ప్రేక్షకుడికి అది డైలాగు మర్చిపోయినట్టే కనిపిస్తుంది. విరామం నిండాలంటే పాత్ర ఆ క్షణంలో ఒక మాట అనబోయి, మానేసి, ఇంకోటి ఎంచుకోవాలి. పని లోపల జరగాలి, బయటికి దాని వేడి మాత్రం తగలాలి.

ఇందులో అందరూ చెప్పుకునే సీను ఒక నీళ్ల గ్లాసు గురించి. అర్ధరాత్రి లెనీ, రూత్ ఒంటరిగా ఉంటారు. గ్లాసు తీసేస్తానంటాడు లెనీ. గ్లాసు తీస్తే నిన్నే తీసుకుంటానంటుంది రూత్. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఆ గ్లాసే యుద్ధం. నోరు చేసుకోవడాలు లేవు, చెయ్యి చేసుకోవడాలు లేవు. లెనీ బెదిరింపులన్నీ మర్యాదైన గొంతుతోనే నడుస్తాయి. ఆ మర్యాద ఎక్కడ చిట్లుతుందో చూపించడమే నటుడి పని. 1967లో ఈ నాటకం న్యూయార్క్‌లో మ్యూజిక్ బాక్స్ థియేటర్‌కు వెళ్లింది. ఉత్తమ నాటకం, దర్శకుడు, నటుడు, సహాయ నటుడు, అమెరికన్ నాటకరంగం ఇచ్చే టోనీ అవార్డులు నాలుగు తెచ్చుకుంది. సహాయ నటుడి అవార్డు హోమ్‌ది. 1973లో హాల్ దీన్నే సినిమాగా తీశారు, లెనీ వేషం మళ్లీ హోమ్‌కే. నాటకంలో వెనక వరసకు చేరాల్సిన చూపును కెమెరాకు ఎంత తగ్గించాలో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఈ సినిమా చూడాలి.

పదమూడేళ్ల తర్వాత, 1967లో, ఆయన కంపెనీ వదిలారు. అప్పటికే సినిమాలు మొదలయ్యాయి. 1968లో 'ది బోఫర్స్ గన్'కు బ్రిటిష్ అకాడమీ సహాయ నటుడి అవార్డు వచ్చింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు వచ్చింది దెబ్బ.

1976. మళ్లీ ఆల్డ్‌విచ్, మళ్లీ రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ. యూజీన్ ఓనీల్ రాసిన 'ది ఐస్‌మన్ కమెత్'. హోమ్ వేస్తున్నది హికీ అనే సేల్స్‌మన్ వేషం. నాటకం నాలుగు గంటలు దాటుతుంది. నాలుగో అంకంలో హికీకి పేజీలకు పేజీలు సాగే ఏకపాత్ర సంభాషణ ఉంది. ప్రదర్శనల మొదట్లోనే హోమ్‌కు మాటలు అందడం మానేశాయి. వేషం వదిలేశారు. అంతటితో ఆగకుండా ఆ భయం రంగస్థలాన్నే మూసేసింది.

స్టేజ్ భయం కొత్తవాళ్ల జబ్బు అనుకుంటారు. ముదిరిన నటుల్ని పట్టుకున్నప్పుడే దాని అసలు రూపం కనిపిస్తుంది. ఒలీవియర్‌ను 1960ల్లో, నేషనల్ థియేటర్ నడుపుతున్నప్పుడు పట్టుకుంది. స్టేజీ మీద తన కళ్లలోకి సూటిగా చూడొద్దని తోటి నటుల్ని అడిగేవారాయన. డెరెక్ జాకోబీ 1980 ప్రాంతంలో రెండేళ్లపాటు నాటకాలకు దూరంగా ఉన్నారు. జరిగేది ఏమిటంటే, వందలసార్లు చెప్పిన సంభాషణను నటుడు ఆలోచించి చెప్పడు. సైకిల్ తొక్కినట్టు అది దానంతట అదే వస్తుంది. ఒక్కసారి ఎక్కడో జారాక, మనసు కాపలా మొదలుపెడుతుంది: వచ్చే మాట గుర్తుందా, దాని తర్వాతిది గుర్తుందా? సైకిల్ తొక్కేవాడు ప్రతి పెడల్‌నూ లెక్కపెట్టుకుంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. కాపలా పెరిగేకొద్దీ జారడం పెరుగుతుంది. గుండె దడ, చెమట, నోరు ఎండిపోవడం తోడవుతాయి. చిన్న వేషమైతే పక్కవాడు మాట అందిస్తాడు. హికీలాంటి పొడుగాటి ఏకపాత్రలో అందించేవాళ్లు లేరు, అందరూ వింటూ కూర్చున్నవాళ్లే. పైగా పింటర్ పద్ధతిలో పండిన నటుడికి ఇందులో ఇంకో ముల్లు ఉందని నా నమ్మకం. నిశ్శబ్దంలో పూర్తిగా బతకడం నేర్చుకున్నవాడికి, ఆ నిశ్శబ్దం ఒకరోజు నిజంగానే ఖాళీగా ఎదురైతే పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఒలీవియర్ స్టేజీ మీదే ఉండి పోరాడారు. హోమ్ దిగిపోయారు. 1979లో హాంప్‌స్టెడ్ థియేటర్లో 'అంకుల్ వాన్యా' ఒక్కటి చేశారు, అంతే.

అయితే కెమెరా ముందు ఈ జబ్బు ఎందుకు రాలేదు? సినిమాలో ఒక షాటుకు కావలసింది కొన్ని వాక్యాలు. తప్పితే ఇంకో టేక్ ఉంటుంది. వెయ్యిమంది ఎదురుగా కూర్చుని ఊపిరి బిగబట్టి చూడరు. కాపలా మనసుకు కావలసిన మేత అక్కడ తక్కువ. హోమ్‌కు అదృష్టవశాత్తూ పింటర్ నేర్పిన పని ఇక్కడ నేరుగా అక్కరకొచ్చింది. క్లోజప్ అంటే విరామమే కదా: మాట లేదు, లోపల ఎంపిక జరుగుతోంది, లెన్స్ దాన్ని పట్టుకుంటుంది.

ఆ తర్వాతి జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయి. 1978 ఒక్క ఏడాదిలోనే బీబీసీ 'ది లాస్ట్ బాయ్స్'లో పీటర్ పాన్ సృష్టికర్త జె.ఎం. బారీ, అమెరికన్ టీవీ సీరీస్ 'హోలోకాస్ట్'లో నాజీ నాయకుడు హిమ్లర్. పిల్లల కోసం ప్రాణం పెట్టే రచయిత, జనాన్ని చంపే యంత్రాంగం నడిపే గుమాస్తా మనస్తత్వం, రెండూ అదే చిన్న శరీరంలోంచి. నెపోలియన్ వేషం మూడుసార్లు వేశారు: 1974లో టీవీలో, 1981లో 'టైమ్ బ్యాండిట్స్'లో, 2001లో 'ది ఎంపరర్స్ న్యూ క్లోత్స్'లో. 'టైమ్ బ్యాండిట్స్' నెపోలియన్ తాగి, ప్రపంచ విజేతలు ఎవరెంత పొట్టివాళ్లో కొలతలతో సహా వల్లిస్తుంటాడు. ఎత్తు గురించి బెంగపడే మనిషిని వేయాలంటే ఆ బెంగ తనకు లేనివాడే వేయాలి.

ఆష్ దగ్గరికి మళ్లీ వస్తాను. ఆ సినిమాను రెండోసారి చూసేవాళ్లకే హోమ్ పని పూర్తిగా కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఆష్ కొంచెం ముభావి, రూల్స్ మనిషి, అంతే. అతను యంత్రమని తెలిశాక వెనక్కి వెళ్లి చూస్తే, మిగతావాళ్లు అరుస్తున్నప్పుడు అతని ముఖం అర క్షణం ఆలస్యంగా స్పందిస్తుంది. ఆ ఆలస్యం మొదటిసారి మొహమాటంలా, రెండోసారి లెక్క కట్టడంలా అనిపిస్తుంది. రెండు అర్థాలకూ సరిపోయేంత సన్నగా ఉండాలి అది. ఎక్కువైతే గుట్టు ముందే రట్టవుతుంది, తక్కువైతే తర్వాత మోసపోయామనిపిస్తుంది. కథానాయిక రిప్లీ మీద దాడికి ముందు అతని నుదుటి మీదుగా ఒక తెల్లటి చుక్క జారుతుంది. మేకప్ వాళ్ల పని అది. ఆ చుక్క జారుతున్నంతసేపూ ముఖంలో ఏమీ కదలకుండా ఉంచడం ఆయన పని.

'చారియట్స్ ఆఫ్ ఫైర్' 1981లో వచ్చింది. 1924 పారిస్ ఒలింపిక్స్ వంద మీటర్ల విజేత హెరాల్డ్ ఏబ్రహామ్స్‌కు శిక్షణ ఇచ్చిన శామ్ ముసబీని వేషం. అప్పటి పెద్దమనుషుల లెక్కలో క్రీడ అంటే డబ్బు తీసుకోకుండా ఆడేది. జీతం తీసుకునే కోచ్ అంటే మర్యాద తక్కువ. కాబట్టి సినిమాలో ముసబీని స్టేడియంలోకి రాలేడు. రేసు జరుగుతుంటే దగ్గర్లోని గదిలో ఒంటరిగా కూర్చుంటాడు. ఫలితం ఆయనకు ఎవరూ చెప్పరు. కిటికీలోంచి స్టేడియం వైపు చూస్తుంటే బ్రిటిష్ జెండా పైకి లేస్తుంది, జాతీయగీతం వినిపిస్తుంది. అప్పుడు తెలుస్తుంది. మంచం మీద కూలబడి, చేతిలోని గడ్డి టోపీకి పిడికిలితో ఒక్క పోటు పొడుస్తాడు, టోపీ పైకప్పు చీలిపోతుంది. సినిమాలో పతకం గెలిచిన సంతోషమంతా ఆ చీలిన టోపీలో ఉంది. ఎదురుగా ఇంకో నటుడు లేడు, డైలాగు దాదాపు లేదు, రేసు తెర మీద లేదు. ముందు నమ్మలేకపోవడం, తర్వాత నమ్మడానికి భయపడటం, ఆ తర్వాత చెయ్యి తనంతట తాను లేవడం, ఈ వరస ఒక్క మెట్టు తప్పినా ఆ పిడికిలి నాటకీయంగా కనిపించేది. ఈ వేషానికి కాన్ ఉత్సవంలో, బ్రిటిష్ అకాడమీలో సహాయ నటుడి అవార్డులు, ఆస్కార్ నామినేషన్ వచ్చాయి. ఆస్కార్ మాత్రం ఇంకో ఇంగ్లిష్ రంగస్థల దిగ్గజం జాన్ గీల్‌గుడ్‌కు వెళ్లింది.

తర్వాతి పదేళ్లలో టెర్రీ గిలియం 'బ్రెజిల్'లో పిరికి ఆఫీసరు, కెనెత్ బ్రానా తీసిన 'హెన్రీ ఫిఫ్త్'లో వెల్ష్ సైనికాధికారి ఫ్లుయెలెన్, జెఫిరెల్లీ 'హామ్లెట్'లో పొలోనియస్. ఒకప్పటి ఐదో హెన్రీ ఇప్పుడు ఇంకొకరు హెన్రీగా ఉంటే పక్కన నిలబడ్డారు. ఇందులో చిన్నతనం వెతికేవాళ్లకు కంపెనీ పద్ధతి అర్థం కాలేదని అంటాను. ఈటె పట్టుకున్నవాడు రాజవడం, రాజైనవాడు మళ్లీ పక్కకు జరగడం ఆ బడిలో మామూలు పాఠం.

రంగస్థలానికి తిరిగి రావడం 1993లో. లండన్‌లోని అల్మైడా థియేటర్, పింటర్ కొత్త నాటకం 'మూన్‌లైట్'. ఎంపిక చూడండి. ఆల్డ్‌విచ్‌లో వెయ్యిమందికి పైగా కూర్చుంటారు, అల్మైడాలో మూడొందల పైచిలుకు. రచయిత, ఆయన లోపలా బయటా తెలిసిన పింటర్. వేషం, చావుకు దగ్గరైన ఆండీ అనే ఉద్యోగి, మంచం మీదే ఉంటాడు. పెద్ద స్టేజీ అంతా నడుస్తూ మోయాల్సిన బరువు లేదు. ఇది ముందే వేసుకున్న పథకమని అనను గానీ, భయపడి పారిపోయిన మనిషి తిరిగి రావడానికి ఇంతకన్నా తెలివైన గుమ్మం ఉండదు.

నాలుగేళ్ల తర్వాత రిచర్డ్ ఐర్ నేషనల్ థియేటర్లో 'కింగ్ లియర్' చేసినప్పుడు కూడా పెద్ద హాలు కాదు, అక్కడి మూడింటిలో చిన్నదైన కాటెస్లో. ప్రేక్షకులు చెయ్యి చాస్తే అందేంత దగ్గర. హోమ్ వయసు 65. లియర్ వేషంలో ఒక పాత చిక్కుంది: చివర్లో చనిపోయిన కూతుర్ని చేతులమీద మోసుకురాగల బలం ఉన్న వయసులో ఆ ముసలితనం నమ్మించడం కష్టం, ముసలితనం వచ్చాక బలం చాలదు. రెండో చిక్కు తుపాను సీను. నటుడు తుపాను చప్పుడును మించి అరవాలని చూస్తే మూడో అంకానికే గొంతు పోతుంది, తర్వాత రెండు అంకాలు మిగిలే ఉంటాయి. చిన్న హాలు ఈ రెండో ముడిని విప్పింది. హోమ్ లియర్ తుపానులో ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడ్డాడు. రాజ్యం, పరివారం, బట్టలు అన్నీ పోయాక మనిషి అంటే ఇంతేనా అని లియర్ అడిగే ప్రశ్నకు, ఆ పొట్టి, ముసలి, వణికే శరీరమే జవాబుగా ఉంది. ఆరడుగుల లియర్‌కు ఆ జవాబు అంత సూటిగా చెప్పడం సాధ్యం కాదు. మరుసటి ఏడాది దీనికి ఒలీవియర్ అవార్డు వచ్చింది. అదే ఏడాది సర్ బిరుదు, నాటకానికి టీవీ రూపం కూడా.

1997లోనే ఆటమ్ ఎగోయన్ సినిమా 'ది స్వీట్ హియర్‌ఆఫ్టర్' వచ్చింది. స్కూల్ బస్సు ప్రమాదంలో పిల్లల్ని పోగొట్టుకున్న ఊరికి వచ్చే లాయరు పాత్రలో, ఎన్నాళ్లకో ఆయన సినిమాను మోసే స్థానంలో కనిపిస్తారు. విమానంలో పక్క సీటు అమ్మాయికి ఆయన ఒక సంగతి చెబుతారు: చంటి కూతుర్ని విషపు సాలీళ్లు కుట్టి గొంతు వాస్తుంటే, ఆసుపత్రికి పోయే దారిలో, అవసరమైతే గొంతు కోసి ఊపిరి దారి చేయడానికి కత్తి పట్టుకుని, పాపకు పాట పాడుతూ కూర్చున్నానని. పొడుగాటి ఏకపాత్ర. ఇరవై ఏళ్ల కిందట ఆయన్ని పడగొట్టినదీ అలాంటిదే. ఇక్కడ ఆయన గొంతు ఒక్కసారి కూడా పెరగదు.

ఆ తర్వాతి తరానికి ఆయన బిల్బో. ఇందులోనూ ఒక వెనక కథ ఉంది. 1981లో బీబీసీ రేడియోలో 26 భాగాలుగా వచ్చిన 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో ఫ్రోడో గొంతు హోమ్‌దే. ఇరవై ఏళ్లకు పీటర్ జాక్సన్ సినిమాలో ఫ్రోడో పెంపుడు తండ్రిలాంటి బిల్బో అయ్యారు. బిల్బో, ఫ్రోడోల జాతి హాబిట్లు పొట్టివాళ్లుగా కనిపించడానికి మాంత్రికుడు గాండాల్ఫ్ వేసిన నటుణ్ణి కెమెరాకు దగ్గరగా, హోమ్‌ను దూరంగా పెట్టి, ఇద్దరూ ఒకరి ఎదురుగా ఒకరున్నట్టు తీసే షాట్లున్నాయి. అలాంటప్పుడు నటుడు ఎదుటివాడి ముఖంలోకి చూడకూడదు, చూస్తే తెర మీద చూపు పక్కకు పోతుంది. ముందే గుర్తుపెట్టిన ఖాళీ చోటును చూస్తూ స్నేహితుడితో మాట్లాడాలి. ఉంగరాన్ని వదలలేక వదిలే సీనులో, చెయ్యి తిరగేస్తే ఉంగరం నేల మీద పడి ఎగరకుండా అతుక్కుపోవడానికి నేలకు అయస్కాంతం వాడారు. ఉంగరం బరువు అలా తెలిసింది. అది చెయ్యి జారడానికి ముందు వేళ్లు విప్పలేక పడే ఇబ్బందికి మాత్రం అయస్కాంతాలేవీ లేవు. 'ది హాబిట్' సినిమాల నాటికి ఆయన ఆరోగ్యం దెబ్బతింది. న్యూజిలాండ్ దాకా ప్రయాణం కష్టమని ఆయన భాగాన్ని ఇంగ్లండ్‌లోనే తీశారు. 2020 జూన్ 19న, 88 ఏళ్ల వయసులో, పార్కిన్సన్ వ్యాధికి సంబంధించిన అనారోగ్యంతో లండన్‌లో కన్నుమూశారు.

2024లో 'ఏలియన్: రోములస్' వచ్చింది. అందులో రూక్ అనే యంత్రమనిషికి, కుటుంబం అనుమతితో, హోమ్ ముఖం పెట్టారు. మళ్లీ ఒక మరతల చేశారు, దాని మీద కంప్యూటర్ మెరుగులు దిద్దారు, ఇంకో నటుడి గొంతు, హావభావాలు జోడించారు. థియేటర్లో చూసిన చాలామందికి ఆ ముఖం ఎక్కడో అతకలేదు. ఇంట్లో చూసుకునే విడుదలకు దర్శకుడు ఆ షాట్లను మళ్లీ సరిచేయించారు. 1979లో లేటెక్స్ తల చెడినప్పుడు బల్లకు రంధ్రం చేసి పని నడిపించారు. ఈసారి బల్ల కింద మోకాళ్ల మీద కూర్చోవడానికి ఆయన లేరు.